స్వరపేటికా దర్శిని ‘చేస్తారా’?

సందేహం: శస్త్రచికిత్సకు ముందు రోగి సంతకం చేసే అంగీకారపత్రాన్ని మా ఆసుపత్రిలో తెలుగులోకి మారుస్తున్నాం. వీడియో లారింగోస్కోపీకి (కెమెరా ఉన్న పరికరంతో స్వరపేటికను చూడటానికి) ‘దృశ్య స్వరపేటిక దర్శిని చేసి గొంతులో గొట్టం వేయబడును’ అని రాశాం. అది చదివిన ఒక పెద్దాయన ‘నా గొంతు పోతుందా?’ అని కంగారుపడ్డారు. వాక్యంలో తప్పుందా?
– ఒక నర్సు, వరంగల్లు

సమాధానం: తప్పులున్నాయి. పెద్దాయన కంగారుకు మాత్రం కారణం అవి కాదు.

ముందు వ్యాకరణం. ‘పేటికా’ సంస్కృతంలో ఆకారాంతం. తెలుగులో విడిగా వాడితే ‘పేటిక’ అవుతుంది. మరో సంస్కృత పదంతో సమాసం చేస్తే దీర్ఘం నిలుస్తుంది: పత్రికా రచన, భాషాభిమానం. కాబట్టి ‘స్వరపేటికా దర్శిని’ అనాలి. పక్కన తెలుగు మాట వస్తే ‘స్వరపేటిక వాపు’ చాలు. ఇక సూక్ష్మదర్శిని, దూరదర్శిని లాగే ‘దర్శిని’ పనిముట్టు. దానితో చూస్తారు, దాన్ని చేయరు. చేసే పని ‘దర్శనం’. కానీ అలా రాస్తే టికెట్టు ఎక్కడ ఇస్తారని రోగి అడగగలడు! ‘వీడియో’ ఎప్పుడో తెలుగైపోయింది, దానికి ‘దృశ్య’ ముసుగు అక్కరలేదు.

అసలు చిక్కు ‘గొంతు’తో వచ్చింది. గొంతు నొప్పి అంటే కంఠం, గొంతు బాగుంది అంటే స్వరం, గొంతు పిసికాడు అంటే మెడ. ‘స్వరపేటిక’ పక్కనే ‘గొంతు’ కనబడితే పెద్దాయనకు స్వరమే తోచింది. మత్తులో ఊపిరి అందించే గొట్టం వేయడానికి చేసే పనికి స్వరం పేరు రావడానికి కారణం ఉంది. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే స్పెయిన్ సంగీత గురువు పళ్ల వైద్యుల చిన్న అద్దంతో, సూర్యకాంతిలో తన స్వరతంత్రుల కదలికను తానే చూసుకున్నాడు. శ్వాసనాళానికి దారి ఆ తంత్రుల మధ్య నుంచే గనుక, పాట కోసం మొదలైన ఆ పరిశీలన తర్వాత మత్తు డాక్టర్లకూ అక్కరకొచ్చింది. మామూలు పరికరంతో వాళ్లు నోట్లోంచి నేరుగా చూడాలి. వీడియో పరికరంలో నాలుకను ఎత్తిపట్టే బ్లేడు కొస దగ్గరే కెమెరా ఉంటుంది, లోపలి మలుపు తెరమీద కనబడుతుంది.

గొట్టం పొరబాటున శ్వాసనాళానికి వెనకనున్న అన్నవాహికలోకి దిగితే ఊపిరి అందదు. అందుకే వేశాక కూడా, బయటికొచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడు ఉందో లేదో చూస్తారు. మరి మీ ‘గొంతులో గొట్టం’ ఎటు వెళ్తున్నట్టు? ముక్కులోంచి పొట్టలోకి వేసే ఆహారపు గొట్టమూ గొంతులోంచే కదా! ‘శ్వాసనాళంలోకి’ అని తేల్చి రాయండి. బడి పుస్తకాలు దీన్ని వాయునాళమని, దాని కొమ్మల్ని శ్వాసనాళాలని అంటాయి. అయినా పత్రికలు చదివేవారికి అలవాటైన మాట శ్వాసనాళమే. ‘ఊపిరి గొట్టంలో గొట్టం’ మాత్రం వద్దు.

మరొకటి: స్వరపేటిక మీద మూతలా ఉండే ఎపిగ్లాటిస్‌ను కొండనాలుక అనకండి. అంగిలి చివర వేలాడేది కొండనాలుక, సామెతలో మందు వేసింది దానికే. ఎపిగ్లాటిస్‌కు మాట ఉపజిహ్విక.

‘వేయబడును’ తీసేసి ఇలా రాయండి: ‘మత్తు ఇచ్చాక, కెమెరా ఉన్న పరికరంతో లోపలికి చూస్తూ, మీకు ఊపిరి అందించడానికి నోట్లోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేస్తారు. తర్వాత కొద్దిరోజులు గొంతు నొప్పి, మాట బొంగురుపోవడం ఉండవచ్చు.’ కింద వీడియో లారింగోస్కోపీ అన్న పేరూ ఉంచండి. రోగి రేపు మరో ఆసుపత్రికి వెళ్తే అక్కడి డాక్టరు వెతికేది ఆ పేరే.