ఇస్రోలో ఉద్యోగం రాకపోతే రిమోట్ సెన్సింగ్ దండగేనా?

కాకినాడ నుంచి ఒక తండ్రి అడిగారు: "మా అమ్మాయి బీఎస్సీ మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్స్ ఆఖరి ఏడాది. రిమోట్ సెన్సింగ్ చదువుతానంటోంది. ఇస్రోలో రాకపోతే పరిస్థితి ఏంటి?"

మీ టెన్షన్ అర్థమైందండీ. కానీ ఈ చదువుని ఇస్రోతో ముడిపెట్టి చూడకండి. రిమోట్ సెన్సింగ్ అంటే ఉపగ్రహ చిత్రాలు చూసి నేలమీద, నీటిలో ఏం జరుగుతోందో తెలుసుకోవడం. ఉపగ్రహాన్ని తయారుచేసేవాళ్లు వేరు, అది పంపిన చిత్రాన్ని చదివేవాళ్లు వేరు. పంట నష్టం, చెరువుల విస్తీర్ణం, అడవులు, తీరం కోత, ఇవన్నీ ఈ రెండోవాళ్ల పనులే. మీ అమ్మాయికి ఫిజిక్స్ ఉంది కాబట్టి నేనైతే సముద్రం వైపు చూడమంటాను. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉంది కదా, సముద్రం పైపొర వేడినీ, నీటిలో క్లోరోఫిల్‌నీ ఉపగ్రహ చిత్రాల్లో చూసి చేపలు ఎక్కడ దొరకొచ్చో మత్స్యకారులకు చెప్పేది వాళ్లే. ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ, సముద్ర శాస్త్రాల విభాగం ఎప్పటినుంచో ఉంది, ముందు అక్కడ కనుక్కోండి. డెహ్రాడూన్‌లోని రిమోట్ సెన్సింగ్ శిక్షణ సంస్థ ఐఐఆర్ఎస్ ఉచితంగా ఆన్‌లైన్ కోర్సులు నడుపుతుంది, అవి ఇప్పుడే మొదలుపెట్టొచ్చు.

మూడు నెలల్లో సర్టిఫికెట్ ఇస్తామనే చోట మాత్రం వేలకు వేలు పోయకండి. సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కాలో నేర్పి వదిలేస్తే రోజంతా మ్యాపు మీద గీతలు గీసే పని తప్ప పైకి వెళ్లడం కష్టం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష తప్పనిసరి.

సీటు గురించి ఆలోచించే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. సముద్రం ఒడ్డుని కోసేస్తున్న ఉప్పాడ మీకు పక్కనే. అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం, 1990 నాటిదొకటి, ఈ మధ్యదొకటి దించుకుని క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో రెండు ఒడ్డు గీతలూ గీయమనండి. ఒక్కో పిక్సెల్ నేలమీద 30 మీటర్లు, కాబట్టి 20 మీటర్లు కోసుకుపోయిందని గీత చూపిస్తే అది నిజమో కాదో తనే తేల్చుకోవాలి, పైగా ఫోటో తీసిన వేళకి పోటా, పాటా అన్నది కూడా చూసుకోవాలి. అసలు ఉద్యోగం ఇలాంటి తలనొప్పులతోనే నడుస్తుంది! తర్వాత ఒక ఆదివారం ఇద్దరూ ఉప్పాడ వెళ్లండి, పాత ఒడ్డు ఎక్కడిదాకా ఉండేదో అక్కడి పెద్దవాళ్లని అడిగి తన గీతతో పోల్చుకోనివ్వండి. తేడా వచ్చిందని విసుక్కోకుండా ఇంటికొచ్చి మళ్లీ ఆ చిత్రం తెరిచిందంటే, ఇంకేం ఆలోచించకుండా పీజీకి దరఖాస్తు పెట్టించండి.