సందేహాలు – సమాధానాలు: గుండె ఆడుతుందా?

సందేహం: మా ఏడో తరగతి పిల్లాడొకడు పరీక్షలో ఆవర్తన చలనానికి, అంటే సమాన కాలాల్లో మళ్ళీ మళ్ళీ జరిగే కదలికకు, ఉదాహరణగా ‘గుండె ఆడడం’ అని రాశాడు. సైన్సు మాస్టారు సున్నా వేశారు. గుండె స్పందిస్తుందనాలట, ఆడేది పిల్లలేనట. ఎవరిది ఒప్పు? పనిలో పనిగా భ్రమణం, పరిభ్రమణం తేడా కూడా చెప్పగలరు.
– ఒక తెలుగు ఉపాధ్యాయిని, రాజోలు

సమాధానం: అమ్మా, మాస్టారు చెప్పిన ‘స్పందించడం’ తప్పు కాదు. స్పందమంటే సంస్కృతంలో అదురు, చిన్న కదలిక, కొట్టుకోవడం. కానీ ఆ మాటను మనం ఇవాళ ఏ గతి పట్టించామో పేపరు తిరగేస్తే తెలుస్తుంది. అధికారులు స్పందించలేదు, మంత్రి స్పందించారు, దాతలు స్పందించాలి! బదులు పలకడం, ఆదుకోవడం, పట్టించుకోవడం, అన్నిటికీ ఈ ఒక్క మాటనే వాడి వాడి అరగదీశాక, పిల్లాడికి ‘గుండె స్పందిస్తుంది’ అంటే ఎవరో పిలిస్తే గుండె పలికినట్టు తోస్తుందే తప్ప కండ ముడుచుకుని వదులయ్యే దృశ్యం కంటికి కట్టదు. అందుకే వాడు తనకు తెలిసిన మాట రాశాడు. ఆ మాట మీద నాకు చాలాకాలంగా మక్కువ, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

ఆడు అంటే ఆటలాడడం ఒక్కటే అనుకోవడం దగ్గరే పొరపాటంతా. పాడు నుంచి పాట వచ్చినట్టు ఆడు నుంచి ఆట వచ్చింది, నిజమే. కానీ ధాన్యం మర ఆడించుకొస్తాం, చెరకు గానుగ ఆడుతుంది, నాడి ఆడుతుంది, ఊపిరి ఆడదు, కంగారులో కాలూ చెయ్యీ ఆడవు, సినిమా వంద రోజులు ఆడుతుంది. వీటిలో పిల్లల ఆట ఎక్కడుంది? పొరుగు భాషల్లోనూ ఇంతే. తమిళంలో ఊంజల్ (ఊయల) ఆడుతుంది, స్నానం చేయడం నీరాడడం, ఇడ్లీ పిండి రుబ్బే రోలు ఆట్టుక్కల్. కన్నడిగులు మాటను కూడా ఆడతారు, మనలాగే. ఇది ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు, సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఒక్కటే: మళ్ళీ మళ్ళీ జరగడం. గానుగ ఎద్దు బయలుదేరిన చోటికే వస్తుంది, ఊపిరి లోపలికెళ్ళి బయటికొస్తుంది, ఊయల అటు వెళ్ళి ఇటొస్తుంది. నడవడానికీ నడయాడడానికీ ఉన్న తేడా చూడండి. రాజోలు నుంచి మలికిపురం దాకా నడుస్తాం, పెరట్లో నడయాడతాం. నడకకు చేరాల్సిన చోటుంది, నడయాడడానికి అది అక్కర్లేదు. ఇంకా గట్టి సాక్ష్యం జంట శబ్దాలది. జెండా రెపరెపలాడుతుంది, చేప గిలగిలలాడుతుంది, భయమేస్తే గుండె దడదడలాడుతుంది. శబ్దమే రెండుసార్లు పలికింది చూశారా, దాని పక్కకు ‘ఆడు’ తనంతట తానే వచ్చి చేరింది. కళకళలాడడం లాంటివి ఈ లెక్కలో సరిగా ఇమడవని ఒప్పుకుంటాను. మాట్లాడడం, పోట్లాడడం కూడా ఒకరి తరవాత ఒకరు అనే లెక్కలోంచే వచ్చాయని నా ఊహ. నీళ్ళాడడమంటే ప్రసవించడం, అది వేరే దారి.

మీ దగ్గరే సఖినేటిపల్లి రేవు ఉంది కదా, నరసాపురం వెళ్ళే పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ) ఎక్కినప్పుడు చెవి పెట్టి వినండి. తాడు కట్టే ఉంటుంది, గోదారి పోటు మీదుంటే పంటు లేస్తూ దిగుతూ, గట్టుకి తగిలి వెనక్కి జరుగుతూ ఒక్క క్షణం నిలవదు. దాని మీద మోటారు సైకిలు స్టాండు వేసుకుని నిలబడ్డాయన మాత్రం ఫోన్లో ‘పంటు ఇంకా కదల్లేదు’ అంటాడు. అబద్ధం కాదు. అది ఆడుతోంది, ఊగుతోంది, కానీ కదల్లేదు. మోటారు వేసి తాడు విప్పాకే కదిలింది అంటాడు. పాఠ్యపుస్తకం ఉన్నచోటే ఊగడానికి డోలన చలనం, చోటు మారడానికి స్థానాంతర చలనం అని రెండు పెద్ద పేర్లు పెట్టి వేరు చేసేది ఈ తేడానే. పిల్లలకు ముందు ఇది చూపించి తరవాత పేరు చెబితే జన్మలో మరిచిపోరు.

పుస్తకాలు రాసేవాళ్ళను ప్రతిదానికీ తప్పు పట్టను. కీళ్ళ పాఠంలో పేర్లు ఎంత బాగా పెట్టారో! భుజానికి బంతిగిన్నె కీలు, మోకాలికి మడతబందు కీలు, మెడ దగ్గర బొంగరపు కీలు. పేరు వింటే ఎముక ఎటు తిరుగుతుందో తెలిసిపోతుంది. ఇంత చక్కటి మాటలు చేతిలో పెట్టుకుని ‘చేతులు షేక్ అవుతున్నాయి’, ‘ఫోన్ వైబ్రేట్ అవుతోంది’ అంటుంటే బాధ కలుగుతుంది. చేతులు వణుకుతాయి, ఫోను అదురుతుంది, పన్ను ఊగుతుంది, కాలు తడబడుతుంది. ఒక్కో కదలికకు ఒక్కో మాట ఉన్న భాష మనది, వాడకపోతే పోతాయి.

ఇక గుండెకీ లోలకానికీ చుట్టరికం కలపడం మీ పిల్లాడు కొత్తగా చేసిన పని కాదు. 17వ శతాబ్దం మొదట్లో ఇటలీలో సాంటోరియో అనే వైద్యుడు దారానికి బరువు కట్టి ఊపి, రోగి నాడితో అది కలిసి ఊగేదాకా దారం పొడుగు పొట్టి చేసి, ఆ పొడవుని బట్టి నాడి జోరు కొలిచేవాడు. లోలకం ఎంత సేపటికి ఒక ఊపు ఊగుతుందనేది దాని పొడవుని బట్టే కానీ బరువుని బట్టి కాదు కాబట్టి ఆ కొలత కుదిరింది. 1656లో డచ్చి శాస్త్రవేత్త హైగెన్స్ లోలకపు గడియారం చేయడానికి ముందటి సంగతి ఇది.

అయితే మాస్టారి పక్షాన కూడా ఒక మాట ఉంది. ఆవర్తనమంటే సమాన కాలాల్లో మళ్ళీ మళ్ళీ జరగాలి. ఊరికే కూర్చున్న పెద్దవాళ్ళ గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది, కానీ గాలి పీల్చినప్పుడు కాస్త జోరు, వదిలినప్పుడు కాస్త నెమ్మది. గీత గీసినట్టు సమానం కాదు. ఆ లెక్కన ఆయన ‘స్పందన’ కూడా నిలవదనుకోండి. భాష వరకు నాడి ఆడడం నిక్కచ్చిగా ఒప్పు. గుండె ఆడడం జనం నోట వినిపించేదే, నేనైతే తప్పనను, కానీ గుండె కొట్టుకోవడమే ఎక్కువ వాడుక. ప్రశ్నలో డోలన చలనమని అడిగి ఉంటే నేనూ తటపటాయించేవాణ్ణి. ఆవర్తనమనే అడిగారు కాబట్టి సున్నా మాత్రం అన్యాయం, ఆయనతో ఒకసారి మాట్లాడండి.

రెండో సందేహానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. తన చుట్టూ తాను తిరగడం భ్రమణం, భూమికి సుమారు 24 గంటలు. మరొకదాని చుట్టూ తిరగడం పరిభ్రమణం, సూర్యుడి చుట్టూ భూమికి 365 రోజుల మీద దాదాపు 6 గంటలు. పిల్లలకు రెండూ కలిపి చూపించాలంటే గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టే భక్తుణ్ణి చూపించండి. దొర్లే ఒళ్ళు తన చుట్టూ తాను తిరుగుతూనే గుడి చుట్టూ తిరిగొస్తుంది.