పిసరంతే తీసుకున్నా నేరమేనా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఉదయం బీచ్ రోడ్డులో పరుగు, సాయంత్రం జిమ్. అక్కడి ట్రైనర్ పాత విటమిన్ సీసాలో ఎనిమిది క్యాప్సూల్స్ వేసి ఇచ్చాడు. అది పుట్టగొడుగుల పొడి అనీ, దీన్ని మైక్రోడోసింగ్ అంటారనీ, మత్తెక్కనంత తక్కువ కనుక చట్టం పట్టించుకోదనీ చెప్పాడు. మూడు వేసుకున్నాను. ట్రెడ్‌మిల్ మీద అరికాలు ఆనిన ప్రతిసారీ విడిగా తెలిసినట్లనిపించింది. మూడోసారి మాత్రం గుండె దడ పుట్టి దిగిపోయాను. మిగిలిన ఐదూ ఇంట్లో ఉన్నాయి. స్నేహితుడు అడుగుతున్నాడు, ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వకండి. స్నేహితుడికే కాదు, ట్రైనర్‌కు తిరిగి ఇచ్చేందుకు కూడా వాటిని బయటికి తీసుకువెళ్లకండి.

మీరు చెప్పిన పొడిలో, కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సిలోసైబిన్ అనే మత్తు పదార్థం ఉన్నట్లయితే, అది 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదక ద్రవ్యాల) చట్టపు షెడ్యూలులో పేరుతో సహా ఉన్న పదార్థం. మత్తెక్కిందా లేదా అని ఆ చట్టం అడగదు. తూకాన్ని బట్టి మారేది శిక్ష మాత్రమే. ఇంతకన్నా తక్కువైతే నేరమే కాదనే గీత చట్టంలో ఎక్కడా లేదు. స్వల్ప పరిమాణం దగ్గర ఉంచుకుంటే 22వ సెక్షన్ కింద ఏడాది వరకు కఠిన కారాగారం, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. సేవించడం 27వ సెక్షన్ కింద వేరే నేరం. ఈ రకం పదార్థానికి ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మీ ట్రైనర్ స్వల్ప పరిమాణం అన్న మాటను మినహాయింపుగా అర్థం చేసుకున్నట్లున్నాడు.

ఇక స్వల్ప పరిమాణమా కాదా అని తేల్చే తూకం. మిశ్రమమైతే అందులో కలిసిన మత్తు గుణం లేని పదార్థం బరువును కూడా లెక్కలోకి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. పుట్టగొడుగు మిశ్రమం కాదు గనుక అందులోని సిలోసైబిన్‌నే చూడాలని కేరళ హైకోర్టు 2025లో ఒక బెయిలు ఉత్తర్వులో అభిప్రాయపడింది. అది మన హైకోర్టును కట్టిపడేసే తీర్పు కాదు. పైగా క్యాప్సూల్‌లో నిజంగా ఏముందో ట్రైనర్ మాట తేల్చదు, ప్రయోగశాల నివేదిక తేలుస్తుంది.

విటమిన్ అనుకున్నాననే వాదన మీకు పనికిరాదు. ఇటువంటి కేసుల్లో నిందితుడికి తెలిసే ఉంటుందని 35వ సెక్షన్ ముందుగానే భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసిన భారం నిందితుడిదే. 50వ సెక్షన్ ప్రకారం గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట సోదా కోరే హక్కు ఒంటి మీద సోదాకే గాని, భుజాన ఉన్న జిమ్ సంచికి వర్తించదు. ఏజెన్సీ నుంచి వచ్చే గంజాయి కారణంగా ఈ నగరంలో సంచుల తనిఖీ ఎంత మామూలో మీకు నేను చెప్పనక్కరలేదు.

అమెరికాలోని ఒరెగాన్‌లో 2023 నుంచి అనుమతి పొందిన కేంద్రాల్లో సిలోసైబిన్ ఇస్తున్నారన్నది నిజమే. అదే ఏడాది జూలై నుంచి ఆస్ట్రేలియాలో అధికారం పొందిన మానసిక వైద్యులు, మందులకు లొంగని కుంగుబాటుకు దాన్ని రాయవచ్చు. ఆ అనుమతులు విశాఖలో చెల్లవు. అక్కడి నుంచి తెప్పించుకుంటే దిగుమతి నేరం అదనంగా తోడవుతుంది. ఒళ్లు బాగా తెలిసిందన్న అనుభూతి గురించి ఒక్క మాట: 2021లో వెలువడిన, 191 మంది పాల్గొన్న అధ్యయనంలో, మైక్రోడోసు అనుకుని ఖాళీ క్యాప్సూల్ మింగినవారూ దాదాపు అంతే మేలు పొందారు. అరికాలి స్పర్శ కోసం జైలు ముప్పు దేనికో నాకు బోధపడలేదు.

వ్యసనపరులు స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే 64ఏ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. మూడు క్యాప్సూల్స్ మింగిన మీకు అది వర్తిస్తుందని చెప్పలేను. మిగిలిన ఐదింటినీ ఏం చేయాలో నేను ఇక్కడ రాయను, అది ఆంతరంగికంగా ఇవ్వవలసిన సలహా. ఈ వారంలోనే ఒక క్రిమినల్ న్యాయవాదిని నేరుగా కలవండి. అంతవరకు ట్రైనర్‌తో వాట్సాప్‌లో ఈ ప్రస్తావన తేవద్దు, పాత సందేశాలను చెరిపివేయనూ వద్దు.

గుండె దడకు మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లండి. క్యాప్సూల్స్ సంగతి ఆయన దగ్గర దాచకండి.