దొంగ మా బాపుతో తెలుగులో మాట్లాడాడు

ప్రశ్న అడిగినవారు మహారాష్ట్రలోని మా సిరొంచ తాలూకా వాళ్లే, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఊళ్లో నాన్నగారికి రోజూ "మీ కర్జ్ మాఫీ (రుణమాఫీ) అయింది" అంటూ ఫోన్లు, తనకేమో మాఫీ జాబితా అంటూ మెయిళ్లు వస్తున్నాయట. వీటిలో ఏది నమ్మాలి, ఈసారి పంట రుణం కట్టకుండా ఆగితే మాఫీలో పేరు వస్తుందా అని అడిగారు.

నేను గడ్చిరోలి జిల్లాలో, గోదావరి ఒడ్డు ఊళ్లో, ఆపలే సర్కార్ సేవా కేంద్రం, అంటే సర్కారు అర్జీలు నింపి పెట్టే కేంద్రం, నడుపుతాను. మాఫీ అర్జీలు ఈ చేతులతోనే నింపాను. మా ఇంట్లోనే డబ్బు పోయింది కూడా. అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నాను.

ముందు మీకు అవసరమైన మాట. మాఫీ ఎప్పుడూ ఫోన్‌లో రాదు. 2019 డిసెంబర్‌లో ప్రకటించిన మహాత్మా జోతిరావ్ ఫులే కర్జ్‌ముక్తి పథకం ఎలా నడిచిందో గుర్తు చేసుకోండి. 2019 సెప్టెంబర్ 30 నాటికి గడువు మీరిన పంట రుణాలకు 2 లక్షల దాకా మాఫీ. జాబితాలు గ్రామ పంచాయతీలో, బ్యాంకులో అతికించారు. ప్రతి పేరుకూ ఒక విశిష్ట క్రమాంకం, అంటే ఆ రైతుకు మాత్రమే ఉండే నంబరు. రైతు ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని మా దగ్గరకు వస్తే మెషీన్‌లో అప్పు ఎంతో కనిపించేది. సరిగ్గా ఉంటే బొటనవేలు పెట్టాలి, లేకపోతే ఫిర్యాదు అని నొక్కాలి, అది జిల్లా కమిటీకి పోతుంది. ఇందులో ఎక్కడా రైతు ఎవరికీ ఓటీపీ చెప్పే పని లేదు. ఎవరి ఖాతాకూ ముందు ఫీజు పంపే పని లేదు. వాట్సాప్‌లో వచ్చిన ఫైలు ఫోన్‌లో ఎక్కించుకునే పని అసలే లేదు.

ఆ వేలిముద్రల రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే. మిర్చి కోసీ కోసీ, పత్తి ఏరీ ఏరీ మా వాళ్ల బొటనవేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. మెషీన్ పట్టదు. వేలు తడిగుడ్డతో తుడిచి, తలకు రాసుకుని కాస్త జిడ్డు పట్టించి మళ్లీ పెట్టించేదాన్ని. నాలుగోసారికో ఐదోసారికో పచ్చ లైటు వెలిగితే ముసలాయన ముఖం కూడా వెలిగేది. అంతకుముందు 2017 మాఫీకైతే భార్యాభర్తలిద్దరూ వచ్చి అర్జీ పెట్టుకోవాలి. చంటిపిల్లల్ని ఎత్తుకుని లైన్లో నిలబడ్డ ఆడవాళ్లను చూశాను. ఇంత కష్టపడ్డా పేరు ఎందుకు వచ్చిందో, ఎందుకు రాలేదో వాళ్లకు తెలుగులో చెప్పినవాళ్లు లేరు. బ్యాంకు కౌంటర్లో మరాఠీ, హిందీ. మెసేజ్ వస్తే మరాఠీ, లేకపోతే ఇంగ్లీషు.

మా బాపు, అంటే మా నాన్న, ఏ ఏడాదీ బాకీ ఆపలేదు. 2008లో కేంద్రం చేసిన పెద్ద మాఫీలో రెండు హెక్టార్ల లోపు భూమి ఉన్నవాళ్లకు మొత్తం మాఫీ, అంతకు మించితే 75 శాతం కడితే 25 శాతం తగ్గింపు. మాది ఆరెకరాలు, నీళ్లు లేని చెలక. రెండు హెక్టార్లు దాటింది కాబట్టి మేం పెద్ద రైతులం అయిపోయాం! అది కూడా గడువు మీరిన అప్పుకే, మాకు అదీ లేదు. 2020లో ఆ ఫులే పథకం కింద పక్క చేను ఆయనకు లక్షా 60 వేలు మాఫీ అయింది. అదే ఏడాది బాపు అమ్మ మెడలోని బంగారు గుండ్లు కుదువ పెట్టి బ్యాంకు బాకీ కట్టాడు. పక్కాయన మీద నాకు కోపం లేదు, ఆయనకు నిజంగానే పంట పోయింది. కానీ మాట నిలబెట్టుకున్న మనిషికి ఒక్క పలకరింపు కూడా ఉండదా అని ఆ రాత్రి బాపు అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

వంతెన దాటితే కాళేశ్వరం. అటువైపు మా బావగారికి తెలంగాణ మాఫీలో, 2024 జూలై 30 విడతలో, లక్షా 40 వేల అప్పు రద్దయింది. అక్కడ గడువు మీరిన అప్పే కాదు, రెన్యువల్ చేసుకున్న అప్పు కూడా లెక్కలోకి వచ్చింది. ఒకే గోదావరి, ఒకే మిర్చి, ఒడ్డుకో రూలు. మా ఊళ్లో జనం రోజంతా దీని గురించే మాట్లాడుకుంటారు. వాళ్ల మనసు ఎప్పుడూ జాబితా మీదే ఉంటుంది. దొంగలకు కావలసింది కూడా అదే.

క్రమం తప్పకుండా కట్టినవాళ్లకు 50 వేల దాకా ప్రోత్సాహకం అని మహారాష్ట్ర ప్రభుత్వం 2022లో ఇచ్చింది కదా. 2017-18, 2018-19, 2019-20 మూడేళ్లలో కనీసం రెండేళ్లు సమయానికి కట్టి ఉండాలి. బాపు పేరు వచ్చింది. నేనే వేలు పెట్టించాను. డబ్బులు నిజంగానే పడ్డాయి. బాపు పాస్‌బుక్ ఎంట్రీ చేయించుకుని ఆ పేజీ వారం రోజులు అందరికీ చూపించాడు.

ఇక 2024 నవంబర్. ఎన్నికల ప్రచారంలో మాఫీ హామీ ఇచ్చారు. పత్తి డబ్బు అప్పుడే ఖాతాలో పడింది. బాపు చేనులో ఉండగా ఫోన్ వచ్చింది. అవతలివాడు చక్కటి తెలుగులో, మన యాసలో మాట్లాడాడట. "కాకా, బాగున్నవా? పత్తి ఏరుడైందా?" అని మొదలుపెట్టాడు. పేరు, ఊరు, విశిష్ట క్రమాంకం చెప్పాడు. ఆ జాబితాలు గోడల మీద అతికించినవే, ఫోన్లలో తిరిగినవే, వాడికి దొరకడం కష్టమేమీ కాదు. "నీకు 50 వేలు వచ్చినయి కదా, రెండో విడత ఆగిపోయింది, నేనిప్పుడే పెడుతున్న" అన్నాడు. ఒకసారి నిజంగా వచ్చిన డబ్బు కాబట్టి బాపుకు అనుమానం రాలేదు. వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించేది) పంపి, ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటీ ఓపిగ్గా చెప్పాడు. తెరిస్తే పైన మూడు సింహాల గుర్తు, కింద ఆధార్ నంబరు, కార్డు నంబరు, పిన్ రాయమని గళ్లు. అంతకుముందే ఆ యాప్ మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగింది. బాపు సరే అని నొక్కాడు. ఇక ఓటీపీ ఎవరూ అడగనక్కర్లేదు, అదే చదివేసి వాడికి పంపుతుంది. 25 వేలు, 20 వేలు, 9 వేలు. పావుగంటలో 54 వేలు పోయాయి.

బాపు నాకు చెప్పలేదు. ఒకటిన్నర రోజు చెప్పలేదు. మర్నాడు సాయంత్రం అన్నం ముందు కూర్చుని కంచంలో చెయ్యి కడుక్కుంటే అమ్మ నన్ను పిలిచింది. "నలుగురి ఫారాలు నింపే బిడ్డను పెట్టుకొని నేనిట్ల మోసపోయిన్నని ఎట్ల చెప్పాలె బిడ్డా" అన్నాడు. డబ్బు కంటే ఆ మాటే నన్ను ఎక్కువ కోసింది.

అప్పుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేశాం. జిల్లా కేంద్రం గడ్చిరోలి మాకు 200 కిలోమీటర్ల పైన, కానీ 1930కి ఎక్కడికీ పోనక్కర్లేదు, ఇంట్లోంచే చేయొచ్చు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు. ఆ నంబరుతో బ్యాంకులో, స్థానిక పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చాం. మొదటి రెండు మొత్తాలు అప్పటికే చేతులు మారి బయటికి పోయాయి. చివరి 9 వేలు మాత్రం అవతలి ఖాతాలో ఆగాయి. కోర్టు ఆదేశం తర్వాత అవి తిరిగొచ్చాయి. మొదటి గంటలో చేసి ఉంటే ఇంకొంత మిగిలేదని నా నమ్మకం.

బ్యాంకు ఏమీ ఇవ్వలేదు. రూలు తెలుసుకుని ఉండండి. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోతే, మూడు పని దినాల్లో చెబితే మనకు నష్టం ఉండదు. పిన్, ఓటీపీ మనమే ఇచ్చామని తేలితే, ఫిర్యాదు చేసేదాకా పోయింది మన మీదే పడుతుంది. ఫిర్యాదు చేశాక పోయింది మాత్రం బ్యాంకు భరించాలి. అందుకే ఆ ఫిర్యాదు చేసిన సమయం చాలా ముఖ్యం, రసీదు దాచుకోండి.

ఫోన్ల సంగతి. అన్నీ మోసాలు కావు, కొన్ని ఉత్త విసిగింపులు. పర్సనల్ లోన్ కావాలా, ఇన్సూరెన్స్ కావాలా అని మిర్చి కోత రోజుల్లో పూటకు ఐదు. వీటికి నాన్నగారి ఫోన్ నుంచి START 0 అని, అంటే ఇంగ్లీషులో స్టార్ట్, ఖాళీ, సున్నా, ప్రచార కాల్స్ ఆపించే నంబరు 1909కి మెసేజ్ పంపండి. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి. బ్యాంకులు పని మీద చేసే కాల్స్‌కు 1600 సిరీస్ ఇచ్చారు. మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నా" అంటే అక్కడే ఫోన్ పెట్టేయమనండి. విసిగించిన నంబరు మీద ఏడు రోజుల్లోగా 1909కి ఫిర్యాదు చేయొచ్చు. మోసం అనిపించిన కాల్‌ను, డబ్బు పోకపోయినా, కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో చక్షు అనే చోట నమోదు చేయొచ్చు. దీంతో ఫోన్లు పూర్తిగా ఆగిపోతాయని చెప్పను. మా ఇంట్లో తగ్గాయి, అంతే.

మెయిళ్లు మీకు వస్తున్నాయి కాబట్టి మీరే చూసుకోగలరు. పంపినవాడి పేరు కాదు, చిరునామా చివర చూడండి. ప్రభుత్వానిదైతే గవ్ డాట్ ఇన్ లేదా ఎన్ఐసీ డాట్ ఇన్ ఉంటుంది. బ్యాంకుల వెబ్‌సైట్లను 2025 అక్టోబర్ 31లోగా బ్యాంక్ డాట్ ఇన్ కిందకు మార్చుకోమని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మాఫీ జాబితా అని జీమెయిల్ నుంచి వస్తే తెరవకుండానే తీసేయండి.

ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయమని చాలామంది చెబుతారు. మంచిదే, వేలిముద్రతో డబ్బు లాగే మోసాలు ఆగుతాయి. కానీ ఒక్క సంగతి ఎవరూ చెప్పరు. లాక్ ఉంటే రేషన్ దుకాణంలో, మా కేంద్రంలో కూడా వేలు పట్టదు. పోయినసారి ఒక పెద్దావిడ ఇలాగే రెండుసార్లు తిరిగి వెళ్లింది, కొడుకు పుణేలో లాక్ పెట్టి ఆమెకు చెప్పలేదు. మీరు పెడితే, అవసరమైన రోజు అన్‌లాక్ చేసే బాధ్యత కూడా మీరే తీసుకోండి.

ఇక కట్టకుండా ఆగడం. నేనైతే వద్దంటాను, బాపు బాధ చూసి కూడా వద్దంటాను. పంట రుణం గడువులోగా కడితే కేంద్రం రాయితీతో వడ్డీ 4 శాతానికి దిగుతుంది. మహారాష్ట్రలో పంజాబ్‌రావ్ దేశ్‌ముఖ్ పథకం కలిస్తే 3 లక్షల దాకా వడ్డీ సున్నా. గడువు దాటితే ఇవన్నీ పోతాయి, కొత్త రుణం ఆగుతుంది, విత్తనాలకు సావుకారి దగ్గరికే పోవాలి. ఆయన నూటికి నెలకు మూడు తీసుకుంటాడు. మాఫీ వస్తే ఏ తేదీ నాటి అప్పుకు వస్తుందో, ఎంత దాకా వస్తుందో ముందు ఎవరికీ తెలియదు. 2026 జూన్ 30లోగా నిర్ణయం చెబుతామని ముఖ్యమంత్రి ఫడ్నవీస్ 2025 అక్టోబర్‌లో అన్నారు. ఆ మాట వచ్చిన వారం నుంచే మా ఊళ్లో ఈ ఫోన్లు మళ్లీ పెరిగాయి.

నాన్నగారిని మాత్రం తిట్టకండి. "ఎవడు ఫోన్ చేసినా ఎత్తకు" అని హైదరాబాద్ నుంచి గట్టిగా చెబితే, రేపు నిజంగా ఏమైనా జరిగినా మీకు చెప్పరు. రోజూ రాత్రి ఒకసారి ఫోన్ చేసి, ఇవాళ ఎవరెవరు చేశారు, ఏమన్నారు అని అడగండి. మా ఇంట్లో ఇప్పుడు అదే చేస్తున్నాం. తెలియని నంబరు వస్తే బాపు ఎత్తడు, సాయంత్రం నేను వెళ్లాక ఇద్దరం కూర్చుని చూస్తాం.

ఇప్పటికే ఆయన ఏదైనా ఫైలు నొక్కి ఉంటే వెంటనే ఫోన్‌లో డేటా ఆపమనండి, బ్యాంకుకు చెప్పి కార్డు, యూపీఐ ఆపించండి. నాకు ఇక్కడే సందేశం పెట్టండి, కేంద్రం ఎక్కడో చెబుతాను. ఫోన్, ఆధార్, పాస్‌బుక్ తీసుకుని రమ్మనండి, ఆ యాప్ ఉందో లేదో నేనే చూసి తీసేస్తాను. డబ్బులేమీ వద్దు.