భోగి మంటకి ముందే రా

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య దీవెనలు. మొన్న ఫోన్లో నువ్వు చెప్పిందంతా విన్నాను. పాత దూరదర్శన్ తెలుగు నాటకాలు, సీరియళ్లు ఇళ్లల్లో ఎవరి దగ్గరైనా క్యాసెట్లలో మిగిలి ఉంటాయేమో వెతుకుతామని, నువ్వూ నీ స్నేహితులూ కోనసీమ నుంచే మొదలుపెడతామని అన్నావు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. అమలాపురంలో పదహారేళ్లు వీడియో షాపు నడిపినవాణ్ణి. నాకు తెలిసింది నీకు చెప్పకపోతే నాతోనే పోతుంది. ఫోన్లో తెమిలే మాట కాదు కాబట్టి రాస్తున్నాను.

ముందు ఒక సంగతి. పోయినవి ఎందుకు పోయాయో తెలిస్తేనే ఎక్కడ మిగిలాయో తెలుస్తుంది. ఆ రోజుల్లో టేపు చాలా ఖరీదు. తుడిచి మళ్లీ వాడుకునే వస్తువే తప్ప, దాచుకునేదని ఎవరూ అనుకోలేదు. లండన్‌లో బీబీసీ వాళ్లు 1963లో మొదలైన ‘డాక్టర్ హూ’ సీరియల్ టేపుల్ని 1967 నుంచి 1978 దాకా అలాగే తుడిచేశారు. ఇప్పటికీ తొంభైకి పైగా ఎపిసోడ్లు దొరకలేదు. చంద్రుడి మీద మనిషి నడిచిన 1969 నాటి అసలు టేపుల కోసం వెతికి వెతికి, వాటిని కూడా తుడిచి వాడేసి ఉంటారని 2009లో నాసా చెప్పింది. మన మొదటి తెలుగు టాకీ, 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’, ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు. అందుకని ఎవరినీ నిందించే ధోరణిలో వెళ్లకు. ‘ఎందుకు పారేశారు?’ అని నువ్వు అడిగితే అవతలి మనిషి నోరు మూసుకుంటాడు.

దొరికినవి ఎక్కడ దొరికాయో చూడు. ‘డాక్టర్ హూ’ ఎపిసోడ్లు తొమ్మిది 2013లో బయటపడ్డాయి. లండన్‌లో కాదు, నైజీరియాలో జోస్ అనే ఊళ్లో, ఒక టీవీ స్టేషన్ స్టోర్ రూములో. విదేశాల్లో ప్రసారానికి ఫిల్ము మీద కాపీలు తీసి పంపేవాళ్లు. ఇంట్లో ఉన్నది తుడిచారు, ఊరు దాటింది బతికింది.

మన దగ్గరా అదే జరిగింది. కోనసీమలో ఇంటికొకరు కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉండేవాళ్లు కదా. మొదటి వీసీఆర్‌లు మన ఊళ్లకి వాళ్ల సూట్‌కేసుల్లోనే వచ్చాయి. కొడుకు అక్కడ ఒంటరిగా ఉన్నాడని, ఇక్కడ తల్లి టీవీలో తెలుగు కార్యక్రమం వస్తుంటే రికార్డు బటన్ నొక్కించి, ఆ క్యాసెట్ ఊరివాళ్లెవరైనా వెళ్తుంటే ఆవకాయ సీసాతో పాటు పంపేది. నా షాపులో ఖాళీ క్యాసెట్లు కొనేవాళ్లలో సగం మంది అలాంటి తల్లులే. ఆ కొడుకులు తిరిగొచ్చినప్పుడు క్యాసెట్లూ పెట్టెల్లో తిరిగొచ్చాయి. నువ్వు మొదట వెళ్లాల్సింది ఆ ఇళ్లకి. ‘పాత సీరియళ్ల టేపులున్నాయా అండి’ అని అడిగితే లేవంటారు, ఎందుకంటే ఉన్నట్టు వాళ్లకే తెలీదు. ‘మీవాళ్లు కువైట్ ఏ సంవత్సరం వెళ్లారండి? ఇక్కణ్ణుంచి ఏమేం పంపేవారు?’ అని అడుగు. కాఫీ ఇస్తే తాగు. కంగారు పడకు. అరగంట కూర్చుంటే ఆవిడే అటక వైపు చూస్తుంది.

లంక ఊళ్లలో మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. 1986 ఆగస్టు వరదకి చాలా ఇళ్లల్లో పెట్టెలకి పెట్టెలు తడిసిపోయాయి. తర్వాత 1996 నవంబర్ 6 తుఫాను పైకప్పులే ఎత్తుకుపోయింది. గట్టు మీద డాబా ఇళ్లు, మిద్దె మీద గది ఉన్న ఇళ్లు ముందు చూడు. పంటు దాటి వెళ్లే ఊళ్లకి నాతోనే రా, అక్కడ నన్ను గుర్తుపట్టేవాళ్లున్నారు.

ఇప్పుడు క్యాసెట్ చేతికొచ్చిందనుకో. లేబుల్ మీద ఏం రాసి ఉందో తర్వాత. ముందు వెనక వైపు అంచు చూడు. ఎడమ పక్కన చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. అది విరిచేసి ఉంటే దాని మీద మళ్లీ రికార్డు చేయడం కుదరదు. అంటే ఆ ఇంట్లో ఎవరో ఒకప్పుడు దాన్ని కావాలని దాచారన్నమాట. ఆ క్యాసెట్ పక్కన పెట్టుకో. ఆ కన్నానికి సెల్లో టేపు అంటించి ఉంటే, ఎవరో తర్వాత మనసు మార్చుకుని దాని మీద ఇంకేదో ఎక్కించారని అర్థం. అయినా అదీ తీసుకో, ఎందుకో చెప్తాను.

మన ఇళ్లల్లో క్యాసెట్లంటే తొంభై పాళ్లు పెళ్లిళ్లే. మూడు గంటల క్యాసెట్లో పెళ్లి రెండుంపావు గంటలకి అయిపోతుంది. అప్పగింతలైపోయి వీడియోగ్రాఫర్ పేరు పడగానే అందరూ ఆపేస్తారు. నువ్వు ఆపకు. చివరిదాకా పోనీ. కొత్త క్యాసెట్ డబ్బు మిగులుతుందని పాతదాని మీదే పెళ్లి ఎక్కించిన ఇళ్లు నాకు లెక్కలేనన్ని తెలుసు. పెళ్లి అయిపోయాక బొమ్మ ఒకసారి చెదిరి, గరగరమని, కింద నుంచి పాతది లేస్తుంది. ఒకసారి ఒకరింటి గృహప్రవేశం తర్వాత ఆదివారం పొద్దున రామాయణం పద్దెనిమిది నిమిషాలు వచ్చింది, దాని వెనకే వార్తలు. రామాయణం పోయింది కాదులే, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ ఆ వార్తలు ఇంకెక్కడుంటాయి? నువ్వు వెతికేవి ఇలాంటి తోకల్లోనే ఎక్కువ దొరుకుతాయని నా నమ్మకం.

దొరికిన ఆనందంలో వెంటనే వీసీఆర్‌లో పెట్టకు. ఇది నా నోటి మాటగా గుర్తుపెట్టుకో. క్యాసెట్ కిటికీలోంచి టార్చి ఏటవాలుగా వేసి చుట్ట అంచు చూడు. నల్లగా నున్నగా మెరుస్తుంటే మంచిదే. తెల్లగా పిండి చల్లినట్టుంటే బూజు. మన డెల్టా గాలికి, అందులోనూ కాలవ గట్టు ఇళ్లల్లో, ఇది మామూలే. దాన్ని పెడితే వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్డు పాడవుతుంది, ఆ తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కి కూడా అంటుకుంటుంది. బూజుది విడిగా కవర్లో కట్టి, పైన రాసి, తెలిసినవాళ్లకే ఇవ్వు. తడి ఫోన్‌లా బియ్యంలో పెడతామంటారు ఇంటివాళ్లు, వద్దను. దుమ్మంతా టేపుకే పడుతుంది. నున్నగా ఉన్నదాన్నైనా నాలుగు రోజులు ఆరిన గదిలో నిలబెట్టి ఉంచి, ఒకసారి పూర్తిగా ముందుకి, మళ్లీ పూర్తిగా వెనక్కి తిప్పి, అప్పుడు ఆడించు. ఆడించే ఆ మొదటిసారే కంప్యూటర్లోకి ఎక్కాలి. రెండోసారి ఆడుతుందన్న హామీ లేదు. డబ్బా పగిలి ఉంటే భయపడకు. కింద అయిదు స్క్రూలు విప్పితే రెండు చుట్టలూ బయటికొస్తాయి, మంచి డబ్బాలోకి మార్చొచ్చు. ఎలాగో నేను చూపిస్తాను. లోపలి దారి ఒక్కసారి తప్పినా టేపు మడత పడుతుంది, అందుకే ముందు ఫోటో తీసుకోవాలి.

మంచి వీసీఆర్ దొరికితే రెండు కొను. 2016లో జపాన్ ఫునాయ్ కంపెనీ తయారీ ఆపేశాక కొత్తవి రావడం లేదు.

నా సంగతి ఒకటి చెప్పాలి. ఇంట్లో మీ అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు. మన పక్క ఊరి బుర్రకథ దళం హైదరాబాద్ దూరదర్శన్లో అరగంట చెప్పింది. ఆ కథకుడి కొడుకు నా షాపులోనే రికార్డు చేయించుకుని, డబ్బులు తర్వాత ఇచ్చి తీసుకెళ్తానన్నాడు. నెల దాటింది, రాలేదు. మాఘమాసం, పెళ్లిళ్ల తాకిడి, ఖాళీ క్యాసెట్లు అయిపోయాయి. దాని మీద ఒక పెళ్లి ఎక్కించేశాను. అతను డబ్బులు పట్టుకుని వచ్చినప్పుడు, క్యాసెట్ పాడైపోయిందని అబద్ధం చెప్పాను. ‘పోన్లెండి’ అని వెళ్లిపోయాడు. ఆ ఏడే వాళ్ల నాన్న పోయాడు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆ రాత్రి వాళ్లింటి కోడలు టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి మాట పట్టిందని. వెళ్లి నిజం చెప్పి, ఆ ఆడియో క్యాసెట్ అడిగి, కాపీ చేసి ఇచ్చాను. గుమ్మెట మోత, తందానతాన, మధ్యలో ఆ ఇంటి పిల్లాడి ఏడుపు, ‘ష్’ అని ఎవరిదో గొంతు. బొమ్మ లేదు. కానీ ఆయన ఉన్నాడు. ‘డాక్టర్ హూ’లో బొమ్మ పోయిన ఎపిసోడ్లన్నిటికీ మాట మిగిలింది కూడా ఇలాగే, ఇళ్లల్లో అభిమానులు టీవీ నుంచి టేపు మీద పట్టుకున్నందువల్ల. ఆ మాటల మీద ఇప్పుడు యానిమేషన్ బొమ్మలు గీసి చూపిస్తున్నారు. కాబట్టి ఆడియో క్యాసెట్లు ఇస్తే వద్దనకు. టీవీ తెరకి తీసిన ఫోటో ఇచ్చినా తీసుకో.

ఏ ఇంట్లో ఏం తీసుకున్నా కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వు. వాళ్ల పెళ్లి క్యాసెట్ అయితే పెళ్లి కూడా శుభ్రంగా కాపీ చేసి పెన్ డ్రైవ్‌లో వాళ్ల చేతికివ్వు. ఆ పని ముందు చెయ్యి. దూరదర్శన్ కార్యక్రమం దొరికితే అది దూరదర్శన్‌ది, ఒక కాపీ వాళ్లకి చేర్చాలి. యూట్యూబ్‌లో పెట్టి పేరు తెచ్చుకోవాలన్న తొందర నీ స్నేహితుల్లో ఎవరికైనా ఉంటే, అతన్ని తీసుకురావద్దు.

ఇక ఎప్పుడు రావాలన్నది. సంక్రాంతికి వస్తానన్నావు. ఆలస్యమైపోతుంది బాబూ. ధనుర్మాసం మొదలవగానే మనవాళ్లు ఇళ్లు దులుపుతారు. అటక మీదివన్నీ కిందికొస్తాయి. క్యాసెట్లు కొన్ని ప్లాస్టిక్ సామానుకి ఉల్లిపాయలిచ్చే బండిలోకి పోతాయి, కొన్ని భోగి మంటలోకి. రెండేళ్ల కిందట మన వీధి మంటలోనే నేను కర్రతో మూడు లాగాను. రెండు కరిగిపోయాయి. మూడోదాని మీద ఆడపిల్ల చేతిరాతతో ‘చెరపకండి’ అని ఉంది. పలక విరిచే ఉంది. ఒక మూల కాలింది, కానీ చుట్టలు బాగున్నాయి. ఆడించలేదు, నా దగ్గర మంచి మిషన్ లేక. ఇనప్పెట్టెలో గుడ్డ చుట్టి పెట్టాను.

డిసెంబరు మూడో ఆదివారానికి రా. అయిదు స్క్రూలకి సరిపోయే సన్న స్క్రూ డ్రైవరు, నువ్వు చెప్పిన ఆ వీసీఆర్ పట్టుకురా. బస్టాండుకి నేను వస్తాను.

మీ అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య