దేవునికి మొదటి స్థానం: షిఫ్టు ఉద్యోగం, ఇంటి బాధ్యతల మధ్య ఎలా?

మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇది. నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలోని షోళింగనల్లూరులో ఉద్యోగం చేస్తున్నారు, షిఫ్టులు మారుతుంటాయి, కొన్ని ఆదివారాలు కూడా పనికి వెళ్లవలసి వస్తోంది, ఇంటికి డబ్బు పంపాలి, అమ్మగారితో రోజూ మాట్లాడాలి. వీటన్నిటి మధ్య ప్రార్థన తప్పిపోతోంది గనుక, "దేవునికి మొదటి స్థానం ఇవ్వండి" అనే మాట సంఘంలో విన్న ప్రతిసారీ మీకు తల ఎత్తుకోవాలనిపించడం లేదు. నేను ఆవడిలో ఉంటాను, అంబత్తూరు పారిశ్రామికవాడలో లెక్కలు రాసే పని చేస్తాను, ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన మా అత్తయ్యగారు ఉన్నారు. తీరిక లేని ఇంట్లో నుంచే ఈ జవాబు రాస్తున్నాను.

"కాబట్టి మీరు ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి, అప్పుడవన్నియు మీకనుగ్రహింపబడును" అనే మత్తయి 6:33ను మనం ఎక్కువగా గోడ క్యాలెండర్ మీద చదువుతాం గనుక దానికి ముందున్న మాటలు మనకు గుర్తుండవు. ప్రభువు 24వ వచనంలో దేవునికీ సిరికీ కలిపి దాసులుగా ఉండలేరని చెప్పి, అక్కడి నుంచి ఏమి తింటాం, ఏమి కట్టుకుంటాం అనే చింతను గురించి మాట్లాడుతూ వచ్చి, ఆ తరువాతే ఈ మాట అన్నారు. అంటే దేవుడు కూర్చోవలసిన చోట కూర్చునేవి సిరి, రేపటి భయం అని ఆయన మనకు చూపిస్తున్నారు; అక్కడ మీ అమ్మగారి ప్రస్తావన లేదు, మీ ఉద్యోగం ప్రస్తావన లేదు. దేవుడు ఒకటి, కుటుంబం రెండు, ఉద్యోగం మూడు అని వరస వేసుకుని గంటలు లెక్కపెట్టుకుంటే, రాత్రంతా మేలుకుని పనిచేసేవారు ప్రతిరోజూ ఓడిపోయినట్టే తేలుతుంది. ఆ లెక్క సువార్తలో నాకు ఎక్కడా కనిపించలేదు.

పైగా మార్కు 7వ అధ్యాయంలో, తల్లిదండ్రులకు అందవలసినదాన్ని "కొర్బాను", అంటే దేవార్పితం, అని చెప్పి వారికి ఏమీ చేయకుండా తప్పించుకొనే ఆచారాన్ని ప్రభువు గట్టిగా గద్దించారు. మత్తయి 5లో, బలిపీఠం దగ్గరికి అర్పణ తెచ్చినవాడికి తన సహోదరునితో తగవు గుర్తుకు వస్తే, అర్పణను అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమన్నారు. కాబట్టి మీరు ఇంటికి డబ్బు పంపడం, అమ్మగారితో మాట్లాడటం దేవుని వంతులో నుంచి తీసి ఇస్తున్నవి అనుకోవద్దు. అత్తయ్యగారికి ఒళ్లు తుడిచి పక్క మార్చే వేళను నేను ప్రార్థనకు అడ్డుగా ఎన్నడూ ఎంచలేదు.

అయితే దేవుని స్థానం నిజంగా ఎక్కడ తేలుతుంది? నా అనుభవంలో అది ఎక్కువగా డబ్బు దగ్గర, నిజం చెప్పవలసిన చోట తేలింది. ఇంతకుముందు నేను పనిచేసిన ఒక కంపెనీలో, మార్చి నెలాఖరున, యజమాని ఒక చీటీ మీద పార్టీ పేరు, మొత్తం రాసి నా బల్ల మీద పెట్టి, సరుకు సంగతి తరువాత చూసుకుందాం, బిల్లు మాత్రం ఈ తేదీతో వేసెయ్యమన్నారు. సరుకు కదలకుండా బిల్లు పుట్టించడం 2017 నుంచి అమల్లో ఉన్న జీఎస్టీ చట్టం ప్రకారం నేరమే. కానీ ఆ క్షణంలో నన్ను ఆపినది చట్టం కాదు, నేను ఎవరి ఎదుట కూర్చుని రాస్తున్నానన్న ఎరుక. "సరుకు బయలుదేరాక వేస్తాను సార్" అని చెప్పి చీటీ తిరిగి ఇచ్చాను. ఆయన ఆ బిల్లు వేరొకరి చేత వేయించుకున్నారు. ఆ ఏడాది నాకు జీతం పెరగలేదు, పెద్దబ్బాయి ఫీజు కోసం గాజులు కుదువ పెట్టాం. దేవునికి మొదటి స్థానం ఇస్తే పదోన్నతి వస్తుందని ఎవరైనా మీకు చెబితే నమ్మవద్దు. ఆ వచనంలోని "అవన్నియు" అనే మాట తిండినీ బట్టనూ గురించినది, వాటికి మాకు లోటు రాలేదు.

ఇక ప్రార్థన సంగతి. ఇలాంటి వేళల్లో నోటికి మాట అందాలంటే రోజూ దేవుని ఎదుట కూర్చోవలసిందే, దానికి వేరే దారి లేదు. నేను తెల్లవారుజామున కుక్కర్ పొయ్యి మీద పెట్టి, ఫోను ముట్టకముందే, వంటగది గట్టు దగ్గర నిలబడి ఒక కీర్తన పైకి చదువుతాను. పసుపు మరకలు పడిన ఆ బైబిలు అక్కడే, ఉప్పు డబ్బా పక్కనే ఉంటుంది. వెతుక్కోవలసిన చోట ఉంటే చదవడం సాగదు. తరువాత లోకల్ రైల్లో ఆ రోజు నాకు ఎదురుపడబోయేవారిని ఒక్కొక్కరినే తలచుకుని ప్రార్థిస్తాను, ముఖ్యంగా నాకు చిరాకు తెప్పించేవారిని. మీ షిఫ్టు మారుతుంది గనుక గడియారంతో ముడిపెట్టుకోకండి. ఎప్పుడు లేచినా, లేవగానే, ఫోనుకు ముందు అని పెట్టుకోండి. రాత్రి షిఫ్టుకు బయలుదేరే ముందు 134వ కీర్తన చదవండి. అది మూడే వచనాలు, రాత్రివేళ యెహోవా మందిరంలో నిలిచి సేవ చేసేవారిని ఉద్దేశించి పాడినది.

మీకు బాగా బాధ కలిగిస్తున్న ఆదివారం విషయం చివరికి ఉంచాను. క్రీ.శ. 112 ప్రాంతంలో నేటి టర్కీలోని బితూనియ ప్రాంతాన్ని పాలించిన ప్లినీ అనే రోమా అధికారి, ట్రాజన్ చక్రవర్తికి రాసిన లేఖలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవునిగా కీర్తించి, దొంగతనం చేయబోమని, వ్యభిచరించబోమని, మాట తప్పబోమని, తమ దగ్గర దాచిన సొమ్మును లేదనబోమని ప్రమాణం చేసుకుంటారని తెలిపాడు. ఆదివారాన్ని విశ్రాంతి దినంగా రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ప్రకటించినది 321లో. అంతవరకు ఆ విశ్వాసులకు అది పనిరోజే. వెలుగు రాకముందు ఆరాధించి, పగలంతా ఆ ప్రమాణాన్ని పనిలో నిలబెట్టుకున్న వారిని తలచుకున్నప్పుడల్లా నా మనసు నిండిపోతుంది.

మీరు మాత్రం సంఘాన్ని వదులుకోవద్దు. షిఫ్టులు వేసేవారితో నెల మొదట్లోనే మాట్లాడి, పండుగ రోజుల పని మీరు తీసుకుని దానికి బదులు ఆదివారం ఉదయం అడగండి. మా ఆడపడుచు కొడుకు ఆసుపత్రి ఉద్యోగంలో అలాగే కుదుర్చుకున్నాడు. అది కుదరని వారాల్లో సాయంకాల ఆరాధనకు వెళ్లండి, అదీ వీలుకాకపోతే వారం మధ్యలో ఎవరి ఇంట్లోనైనా జరిగే తెలుగు ప్రార్థన కూడికకు వెళ్లండి. మీ పరిస్థితిని మీ పాస్టరు గారికి దాచకుండా చెప్పండి; మీరు ఎందుకు రావడం లేదో ఆయనకు తెలిస్తే, ఏ కూడిక ఎప్పుడు, ఎక్కడ జరుగుతోందో ఆయనే మీకు చెబుతారు.