నాన్నగారి రీడింగులకు అలర్టులు ఎలా పెట్టుకోవాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. గుండె వైఫల్యం, మధుమేహం ఉన్నాయి, ఇన్సులిన్ తీసుకుంటారు. ఆయన బీపీ, బరువు, ఆక్సిజన్, చేతికి అతికించిన సెన్సర్ చూపే గ్లూకోజ్ రీడింగులు వేరే ఊళ్లో ఉన్న నా ఫోన్‌కు వస్తాయి. రోజుకు 20 దాకా అలర్టులు మోగుతుంటే విసిగి శబ్దం ఆపేశాను. హద్దులు ఎలా పెట్టుకోవాలి?

జవాబు: మీరు శబ్దం ఆపేశారంటే తప్పు మీది కాదు, హద్దులది. యాప్‌లో ముందుగా ఉండే అంకెలు అందరినీ దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి. గుండె వైఫల్యానికి మందులు వాడేవారిలో పై బీపీ 100–110 మధ్య ఉండి, మనిషి కులాసాగా తిరగడం మేము తరచూ చూస్తుంటాం. అలాంటివారికి 110 దగ్గర హద్దు పెడితే అది రోజూ మోగుతూనే ఉంటుంది. అందువల్ల రెండు వారాల రీడింగులను ఆయన డాక్టరుకు చూపించి, ఆయన మామూలు స్థితిని బట్టి హద్దులు రాయించుకోండి.

మీ నాన్నగారి విషయంలో నేను అన్నిటికంటే బరువుకే ఎక్కువ విలువ ఇస్తాను. ఒంట్లో నీరు చేరడం మొదలైతే ఆయాసం రావడానికి కొన్ని రోజుల ముందే బరువు పెరగవచ్చు. ఒక్క రోజులో కిలోకు పైగా గానీ, వారంలో రెండు కిలోలకు పైగా గానీ పెరిగితే డాక్టరుకు తెలియజేయాలి. రోజుకు 300 గ్రాముల చొప్పున మెల్లగా పెరిగే బరువు మొదటి హద్దుకు దొరకదు కాబట్టి రెండూ పెట్టుకోవాలి. ఉదయం మూత్రవిసర్జన తర్వాత, ఏమీ తినకముందు, అదే యంత్రం మీద చూస్తేనే ఈ అంకెలకు అర్థం ఉంటుంది.

ఆక్సిజన్ ఒక్కసారి తగ్గినట్టు కనిపిస్తే వేలు చల్లగా ఉందేమో చూసి, చేయి వెచ్చబరచి రెండు నిమిషాల తర్వాత మళ్లీ చూడాలి. అప్పుడూ 90 లేదా అంతకంటే తక్కువ ఉంటే వైద్యసాయానికి ఆలస్యం చేయకూడదు. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి ఈ హద్దు వేరుగా ఉంటుంది.

గ్లూకోజ్ 70 కంటే తగ్గితే మోగాలి, 54 కంటే తగ్గినప్పటి అలర్టును ఎప్పుడూ ఆపకూడదు. సెన్సర్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకున్నా తప్పుడు తక్కువ అంకె రావచ్చు. అనుమానం వస్తే వేలి రక్తంతో సరిచూడండి, చూసే వీలు లేకపోతే తక్కువగానే ఉందనుకుని తీపి ఇవ్వండి. ఎక్కువ అంకెల అలర్టుకు మాత్రం కొంత ఆలస్యం పెట్టుకోవచ్చు.

అర్ధరాత్రి మోగాల్సినవి రెండు మూడే ఉంచి, మిగతావి ఉదయం ఒకేసారి చూసుకోండి. మోగేవి ముందు ఇంట్లో ఆయన పక్కన ఉండేవారి ఫోన్‌లో మోగాలి, ఆ తర్వాతే మీకు. ఉదయం పది గంటలలోపు రీడింగు రాకపోతే మోగే అలర్టును కూడా తప్పక పెట్టుకోండి. చాలామంది మరిచిపోయేది ఇదే. ఆసుపత్రి వారు రాత్రిళ్లు ఈ రీడింగులు చూస్తారో లేదో ముందే అడిగి తెలుసుకోండి. ఛాతీ నొప్పి, పడుకుంటే ఆయాసం, స్పృహ తప్పడం, మాట తడబడటం ఉంటే యంత్రం ఏ అంకె చూపినా అంబులెన్స్‌ను పిలవాలి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్ర మోతాదు మార్చిన ప్రతిసారీ బరువు, బీపీ హద్దులను డాక్టరుతో మళ్లీ సరిచూసుకోండి.